తెర లేని ప్లేయర్‌తో ఆరేళ్ల పరుగు

పాటలు వినే నా ప్లేయర్ బొటనవేలంత ఉంటుంది. తెర లేదు. వెనుక ఒక క్లిప్పు, ముందు ఐదు బటన్లు. చొక్కా అంచుకు తగిలించుకుని ఆరేళ్లుగా వారానికి మూడు రోజులు పరుగెత్తుతున్నాను. ఈలోగా నాలుగు జతల బూట్లు, ఐదు ఇయర్‌ఫోన్లు మారాయి. ప్లేయర్ మాత్రం అదే.

మొదటి నెల దాన్ని తప్పుగా వాడాను. నచ్చిన పాటలన్నీ ఎక్కించి, వరుస కలిపేసే షఫుల్ బటన్ నొక్కి బయలుదేరేదాన్ని. ఒళ్లు వేడెక్కకముందే జోరు పాట వచ్చేది, కాళ్లు దాని వెంట పడేవి, పది నిమిషాలకే ఆయాసంతో ఆగిపోయేదాన్ని. నా అడుగును నడిపిస్తున్నది పాటేనని అప్పుడు అర్థమైంది. అప్పటినుంచి ప్రతి పాటకూ దరువు లెక్కపెడుతున్నాను. 15 సెకన్లలో పడిన దెబ్బలను 4తో హెచ్చవేస్తే నిమిషానికి ఎన్నో తెలుస్తుంది. నా వేగపు నడకకు 120, నెమ్మది పరుగుకు 160 చక్కగా కుదిరాయి. 80 దెబ్బల పాటకైనా దెబ్బకు రెండడుగులు వేస్తూ పరుగెత్తవచ్చు.

ఈ ప్లేయర్ విలువ నాకు పూర్తిగా తెలిసింది మాత్రం దానిలోకి ఒక గొంతు చేరాక. పరుగు అలవాటు లేనివారిని మెల్లగా ఐదు కిలోమీటర్ల పరుగుకు చేర్చేందుకు జోష్ క్లార్క్ 1996లో రూపొందించిన ‘కౌచ్ టు ఫైవ్ కె’ పద్ధతి తొమ్మిది వారాలది. మొదటి వారం ఐదు నిమిషాల నడక తరువాత 60 సెకన్ల పరుగు, 90 సెకన్ల నడక మార్చి మార్చి 20 నిమిషాలు చేయాలి. చేతి గడియారం చూసుకుంటూ చేస్తే మనసంతా ముల్లు మీదే ఉండేది. అందుకని కంప్యూటర్‌లో పాటలను వరుసగా అతికించి, నడక, పరుగు మారవలసిన చోట పాట శబ్దం తగ్గించి, అక్క చేత మాటలు చెప్పించి కలిపాను. ‘ఇక పరుగు’, ‘ఇప్పుడు నడువు’, చివర్లో ‘ఒక్క నిమిషమేనే, ఆగకు’. ఆ మూడో మాట విన్నాక ఆగబుద్ధి కాదు. తొమ్మిది వారాలకు తొమ్మిది ఫైళ్లు చేసుకున్నాను. ఒక్కో ఫైలుకు ఒక సాయంత్రం పట్టింది, ఆ శ్రమకు రెట్టింపు ఫలితం దక్కింది.

ప్రతిచోటా పాట పనిచేయదు. లండన్‌లోని బ్రూనెల్ విశ్వవిద్యాలయంలో ఈ విషయంపై చాలా ఏళ్లు పరిశోధించిన కోస్టాస్ కరాగియోర్గిస్, ఒక మోస్తరు వ్యాయామంలో సంగీతం అలసటను మరపిస్తుందనీ, శక్తినంతా ధారపోసే స్థాయిలో ఆ ప్రభావం సన్నగిల్లుతుందనీ చెబుతారు. ఎత్తు ఎక్కేటప్పుడు నాకూ అంతే. చెవిలో పాట మోగుతూనే ఉంటుంది, నాకు వినిపించేది నా ఊపిరే.

లోపాలు చెప్పాలి. చెమట ఇయర్‌ఫోన్ తీగ మొదట్లోకి చేరి ఒక వైపు శబ్దం పోతుంది. ఒక జత మూడు నెలలు కూడా ఆగలేదు, అమ్మినవారు చెమట వారంటీ కిందికి రాదన్నారు. అది నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది, వ్యాయామానికనే అమ్మిన వస్తువు చెమటకు తట్టుకోవద్దా? కొత్తలో పన్నెండు గంటలు వచ్చిన బ్యాటరీ ఇప్పుడు ఐదు గంటలకు దిగింది, దాన్ని మార్చే వీలు లేదు. శబ్దం విషయంలో జాగ్రత్త పడవలసింది మనమే. పెద్దవారికి వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు, 90 దగ్గర 4 గంటలే హద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. రోడ్డు మీద నేను ఒక చెవికే పెట్టుకుంటాను.

ఫోనుతోనూ ఇదంతా చేయవచ్చు, రెండు నెలలు చేసి చూశాను. చేతికి బరువు, మధ్యలో ఎవరో ఒకరి పిలుపు, ఆగి చూస్తే లయ పోతుంది. ఈ చిన్నదానికి ఎవరూ ఫోన్ చేయలేరు. తొమ్మిదో వారం ఫైలును ఇప్పటికీ నెలకోసారి పెట్టుకుంటాను. అక్క ఇప్పుడు దూరంగా ఉంటోంది.