చెవులు మూయని ఇయర్‌ఫోన్లు: మూడేళ్ల వాడకం తర్వాత

మొన్న సంక్రాంతికి ఈ బోన్ కండక్షన్ ఇయర్‌ఫోన్లు, అంటే ఎముకల ద్వారా శబ్దం వినిపించేవి, కొని మూడేళ్లు నిండాయి. కంపెనీ పేరు రాయడం లేదు. నాది పాత మోడల్, ఇప్పుడు దొరకదు. నేను చెప్పే మంచీ చెడూ చాలావరకు ఈ రకం ఇయర్‌ఫోన్లన్నిటికీ వర్తిస్తాయి. అప్పట్లో ఎనిమిది వేల చిల్లర పెట్టి కొన్నాను. వారానికి నాలుగు రోజులు పరుగులో, మిగతా రోజుల్లో వంట చేస్తూ, బట్టలు మడతపెడుతూ వాడుతూనే ఉన్నాను. పెట్టె విప్పిన రోజు చెప్పే అభిప్రాయాలు కావలసినన్ని దొరుకుతాయి. బ్యాటరీ నీరసించి, ఒకసారి రిపేరు దాకా వెళ్లొచ్చాక వస్తువు ఎలా ఉంటుందో తెలుగులో చెప్పినవాళ్లు నాకు కనబడలేదు.

మాది విశాఖపట్నం. తెల్లవారి అయిదింటికి బయల్దేరి బీచ్ రోడ్డు మీద పరిగెడతాను. కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి, సబ్‌మెరైన్ మ్యూజియం దాటి, ఓపిక ఉన్న రోజున తెన్నేటి పార్కు దాకా. శీతాకాలంలో ఆ వేళకి ఇంకా చీకటే. మొదట్లో చెవిలో దూర్చుకునే మామూలు ఇయర్‌ఫోన్లే వాడేదాన్ని. ఒక రోజు లాసన్స్ బే దగ్గర వెనక నుంచి వచ్చిన బైకు మోచేతికి రాసుకున్నంత దగ్గరగా వెళ్లింది. హారన్ కొట్టే ఉంటాడు, నాకు వినపడలేదు. ఆ రోజు నుంచి ఒక చెవికే పెట్టుకుని ఇంకో చెవి వదిలేసేదాన్ని. అప్పుడు కథ సగమే అందేది, ధ్యాస మాత్రం పూర్తిగా వెనకే ఉండేది. ఆడవాళ్లు చీకట్లో ఒంటరిగా పరిగెత్తేటప్పుడు వెనక ఎవరొస్తున్నారో, కుక్క ఎటు మొరుగుతోందో తెలియాలి. అది తెలియకపోతే పరుగు నాలుగు రోజులకే ఆగిపోతుంది. నాకు తెలిసి అలా మానేసినవాళ్లున్నారు.

అందుకే కొన్న ఈ బోన్ కండక్షన్ రకం చెవిలోకి వెళ్లదు. చెవి ముందు, చెంప ఎముక మీద చిన్న బిళ్లలాంటిది ఆనుకుని ఉంటుంది. రెండు బిళ్లల్నీ మెడ వెనక నుంచి వచ్చే టైటానియం బద్ద కలుపుతుంది. ఆ బిళ్ల సన్నగా కంపిస్తుంది, ఆ కంపనం ఎముకల ద్వారా నేరుగా లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియాకి చేరుతుంది. కర్ణభేరితో పెద్దగా పని లేదు. ఇది మనకు కొత్త అనుభవమూ కాదు. మన గొంతు మనకు రోజూ ఇలాగే వినిపిస్తుంది, కొంత గాలి ద్వారా, కొంత తల ఎముకల ద్వారా. రికార్డింగులో ఎముకల వాటా ఉండదు కాబట్టే మన గొంతు మనకే పరాయిగా అనిపిస్తుంది.

మొదటి రోజు పెట్టుకున్నప్పుడు నాకు వింతగా అనిపించింది ఒక్కటే. కథ చెబుతున్న గొంతు తల లోపల ఉంది, సముద్రం బయట ఉంది, రెండూ ఒకదాన్నొకటి తోసుకోవడం లేదు.

ఆదివారాలు జోడుగుళ్లపాలెం దగ్గర తడి ఇసుక మీద పరిగెడతాను. పోయిన ఏడాది ఒక ఆదివారం చేపల వేటకెళ్లినవాళ్లు సముద్రంలో వేసిన పెద్ద అలివి వలని ఒడ్డుకి లాగుతున్నారు. ఒక చివర తాడు నీళ్లలోంచి గట్టు దాకా బిగువుగా ఉంది. మోకాలి ఎత్తులో, ఇసుక రంగులోనే ఉందేమో నేను చూడలేదు. చెవిలో ఒక ఇంటర్వ్యూ నడుస్తోంది. "ఓలమ్మా, తాడు! తాడుంది, సూసుకో!" అని ఒకాయన అరిచాడు. ఆ కేక ఎటు నుంచి వచ్చిందో కూడా తెలిసింది, కుడివైపు, కొంచెం వెనక నుంచి. రెండడుగుల ముందు ఆగాను. తడిసిన తాడు సన్నగా వణుకుతోంది, దాని మీంచి నీటి బొట్లు రాలుతున్నాయి. పదిమంది బలంతో లాగుతున్న తాడది. ఆ వేగంతో తగులుకుని ఉంటే నేను బోర్లా పడేదాన్ని, వాళ్ల పట్టు కూడా జారేది. వాళ్లకి దండం పెట్టి చుట్టూ తిరిగి వెళ్లాను. నేను పెట్టిన డబ్బు మొత్తం ఆ ఒక్క పొద్దుటికే సరిపోయిందనుకుంటాను.

బ్రిటన్‌లో వాహనాలు ఆపకుండా జరిపే రోడ్డు పరుగు పందేల్లో చెవిలో దూర్చుకునేవాటిని ఒప్పుకోరు, ఈ రకాన్ని మాత్రం అనుమతిస్తారు. మన దగ్గర పందేల్లో ఒక్కో నిర్వాహకుడిది ఒక్కో పద్ధతి. ముందే అడగడం మంచిది.

ఇక వినేదాని సంగతి. పరుగులో నేను పాటలు తక్కువ, మాటలు ఎక్కువ వింటాను. హర్షణీయం పాడ్‌కాస్ట్‌లో కథలు, రచయితలతో ముచ్చట్లు. దాసుభాషితం యాప్‌లో శ్రవణ పుస్తకాలు. ఒక్కోసారి ఆకాశవాణి. మాటకి ఇది అద్భుతంగా పనిచేస్తుంది. మనిషి గొంతు ఉండే స్థాయి ఈ బిళ్లలకు బాగా పలుకుతుంది, ఒత్తులూ మహాప్రాణాలూ కూడా విడివిడిగా తెలుస్తాయి. వార్తలూ చర్చలూ అయితే వేగం ఒకటింపావుకి పెంచుతాను. కథకి మాత్రం పెంచను. చదివేవాళ్లు ఎక్కడ ఊపిరి తీసుకున్నారో కూడా కథలో భాగమే.

మూడేళ్లలో నాకు తెలియకుండానే ఒక సంగతి జరిగింది. విన్న ప్రతి కథా రోడ్డు మీద ఒక చోటికి అతుక్కుపోయింది. ఫలానా కథలో ముసలమ్మ కొడుకుని గుర్తుపట్టని ఘట్టం కైలాసగిరి కింద మలుపు దగ్గరుంది. ఇంకో కథలో ఉత్తరం చింపేసేది సబ్‌మెరైన్ ఎదుటి బెంచీ దగ్గర. ఇప్పటికీ ఆ మలుపు తిరుగుతుంటే ఆ ముసలమ్మ గుర్తొస్తుంది. చెవులు మూసుకుని వింటే ఇలా అయ్యేది కాదని నా నమ్మకం. కథ వింటున్నంతసేపూ ఆ చోటు కూడా వినపడుతూనే ఉంది కదా, టీ బండి గ్లాసుల చప్పుడుతో సహా.

దీనివల్ల పుస్తకాలు తగ్గుతాయేమోనని భయపడ్డాను. పెరిగాయి. విన్నది నచ్చితే శనివారం ద్వారకానగర్ లైబ్రరీకి వెళ్లి ఆ రచయిత సంపుటం వెతుకుతాను. విన్న కథని మళ్లీ కంటితో చదివితే మొదటిసారి జారిపోయిన వాక్యాలు దొరుకుతాయి. ఏదో బస్సు హారన్ కింద పోయినవి అవి.

అవును, హారన్ల కింద మాటలు పోతాయి. ఈ వస్తువులో మొదటి లోపం అదే. చెవులు తెరిచి ఉంటాయి కాబట్టి బయటి శబ్దం అంతా లోపలికి వస్తుంది. సముద్రం పోటు మీద ఉన్న రోజు ఆర్కే బీచ్ పక్కన మెల్లగా మాట్లాడేవాళ్ల గొంతు అసలు అందదు. ఎన్‌ఏడీ జంక్షన్లో బస్సు కోసం నిలబడి ఏదైనా విందామంటే కుదరదు. పాటల విషయంలో ఇంకా నిరాశ. డప్పు, మృదంగం, బేస్ గిటార్ వంటి కింది స్థాయి శబ్దాలు పేలవంగా వస్తాయి. సౌండ్ బాగా పెంచితే ఆ బిళ్లలు చెంప మీద చీమలు పాకినట్టు గిలిగింత పెడతాయి. సంగీతం కోసం ఇవి కొనకండి. ఇంట్లో కూర్చుని పాట వినడానికి వీటిలో సగం ధర పెట్టినా ఇంతకన్నా మంచి మామూలు ఇయర్‌ఫోన్లు వస్తాయి.

ఒక చిట్కా మాత్రం బాగా పనికొచ్చింది. మెత్తటి స్పాంజి ఇయర్‌ప్లగ్స్ చెవుల్లో పెట్టుకుని పైన ఇవి పెట్టుకుంటే శబ్దం ఒక్కసారిగా నిండుగా మారుతుంది, బేస్ కూడా వస్తుంది. రైల్లో హైదరాబాద్ వెళ్లేటప్పుడు ఇలాగే వింటాను. చెవి దారి మూసేస్తే ఎముక ద్వారా వచ్చిన శబ్దం బయటికి జారిపోకుండా అక్కడే ఉండిపోతుంది, కారణం అదే. చెవి మూసుకుని మాట్లాడి చూడండి, మీ గొంతే గంభీరంగా మోగుతుంది. పరుగులో మాత్రం ఈ పని చేయకూడదు, చెవులు తెరిచి ఉండాలనే కదా ఇవి కొన్నది.

నాన్న సంగతి చెప్పకపోతే ఈ సమీక్ష నాకే వెలితిగా ఉంటుంది. ఆయనకి చిన్నప్పటి నుంచి ఎడమ చెవి కారేది. కర్ణభేరికి చిల్లు. ఆ వైపు నుంచి పిలిస్తే పలకరు, మేమంతా కుడివైపు కూర్చుని మాట్లాడ్డం అలవాటు చేసుకున్నాం. ఒక సాయంత్రం బిళ్లలు తుడుస్తుంటే "ఏమిటది?" అన్నారు. ఆయన తలకి పెట్టి, కుడి బిళ్లని కొంచెం పైకెత్తి పట్టుకున్నాను. ఒక కథ నడుస్తోంది. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఎడమ చెంప మీద చెయ్యి పెట్టుకుని, "ఎవరమ్మా ఇతను, ఇంత దగ్గరగా మాట్లాడుతున్నాడు?" అన్నారు.

తర్వాత చెవి డాక్టరు గారిని అడిగితే వివరంగా చెప్పారు. చెవి పరీక్షలో ట్యూనింగ్ ఫోర్క్ మోగించి చెవి వెనక ఎముకకు ఆనిస్తారు, తర్వాత చెవి ముందు పట్టుకుంటారు. లోపం కర్ణభేరిలోనో మధ్య చెవిలోనో ఉంటే ఎముక ద్వారానే బాగా వినిపిస్తుంది. నాన్నది అలాంటిదే. ఇదే సూత్రం మీద చెవి వెనక ఎముకలో అమర్చే వినికిడి పరికరాలు 1977 నుంచే ఉన్నాయట, మొదట స్వీడన్లో పెట్టారు. వయసుతో నరం బలహీనపడి వినికిడి తగ్గినవాళ్లకి మాత్రం ఇవి పెద్దగా ఉపయోగపడవని కూడా ఆయనే చెప్పారు. ఇంట్లో పెద్దవాళ్ల కోసమని కొనేముందు ఒకసారి డాక్టరుకి చూపించండి. నేను కొనుక్కున్నవి ఇప్పుడు రాత్రి భోజనాల తర్వాత నాన్నవే. పురాణ ప్రవచనం వింటూ నిద్రపోతారు, నేను వెళ్లి తీస్తాను. బద్ద తల వెనక ఉంటుంది కాబట్టి పడుకున్నప్పుడు దిండుకి గుచ్చుకుంటుంది. పడుకుని వినేవాళ్లకి ఇది ఇబ్బందే.

చెవిలో పెట్టుకోం కాబట్టి చెవికి ప్రమాదం ఉండదని చాలామంది అంటారు. అది నిజం కాదు. శబ్దం ఏ దారిన వచ్చినా చివరికి చేరేది ఆ కాక్లియాకే, అతిగా వింటే దెబ్బతినేదీ అదే. పెద్దవాళ్లకి వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ట్రాఫిక్ మీద పైచేయి కోసం సౌండ్ పెంచుకుంటూ పోవడం ఈ రకంలో పెద్ద ప్రలోభం. నేను ఫోన్లో సగం దగ్గర గీత పెట్టుకున్నాను. మాట అందకపోతే ఆ ముక్క పోనిస్తాను.

ఇప్పుడు మూడేళ్లలో ఏమేం పాడయ్యాయో చెప్పాలి. బ్యాటరీ కొత్తలో ఎనిమిది గంటలు వచ్చేది, ఇప్పుడు అయిదు వస్తే గొప్ప. నా పరుగుకి అది చాలు, మారథాన్ చేసేవాళ్లకి టెన్షనే. వాల్యూమ్ బటన్ మీద రబ్బరు పగిలింది. బద్ద మాత్రం చెక్కుచెదరలేదు, సంచిలో ఎన్నిసార్లు మెలిక పడినా మళ్లీ తన ఆకారానికి వచ్చేస్తుంది.

అసలు దెబ్బ ఛార్జింగ్ దగ్గర తగిలింది. దీనికి మామూలు కేబుల్ పట్టదు, అయస్కాంతంతో అతుక్కునే సొంత కేబులే ఉండాలి. పెట్టె మీద ఐపీ67 అని ఉంటుంది. అంటే దుమ్ము చొరబడదు, మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా ఏమీ కాదని. ఆ పరీక్ష మంచినీళ్లతో చేస్తారు. చెమట, సముద్రపు గాలి కలిస్తే వేరే కథ. పద్నాలుగో నెలలో ఒక రోజు ఛార్జింగ్ ఎక్కలేదు. వెలుతురులో తిప్పి చూస్తే ఆ రెండు చిన్న పిన్నుల చుట్టూ పచ్చగా చిలుము పట్టి ఉంది, మా ఇంట్లో రాగి చెంబు అడుగున పట్టినట్టే. సర్వీస్ సెంటర్‌కి ఇస్తే మూడు వారాలు ఉంచుకుని, "నీళ్ల వల్ల పాడైంది మేడమ్, వారంటీ వర్తించదు" అని అలాగే తిరిగిచ్చారు. నీళ్లకి తట్టుకుంటుందని పెట్టె మీద రాసిన వస్తువుకి ఆ జవాబు చెప్పడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. చివరికి దూదిపుల్లని సర్జికల్ స్పిరిట్లో ముంచి పదిసార్లు మెల్లగా రుద్దితే పిన్నులు మళ్లీ మెరిశాయి, ఛార్జింగ్ ఎక్కింది. అప్పటి నుంచి పరుగు అవగానే మంచినీళ్లతో తడిపిన గుడ్డతో తుడిచి, పొడిగా ఆరాకే కేబుల్ పెడుతున్నాను. తడి మీద ఛార్జింగ్ పెడితేనే చిలుము త్వరగా వస్తుంది. సముద్రం పక్కన ఉండేవాళ్లు మొదటి రోజు నుంచే ఈ అలవాటు చేసుకోండి.

ఆడవాళ్ల కోసం ఒక మాట. బద్ద మెడ వెనక కాస్త ఎడంగా నిలబడుతుంది. జడ వేసుకుంటే జడ కింద నుంచి పోనివ్వాలి, లేకపోతే తల తిప్పినప్పుడల్లా బిళ్లలు జరుగుతాయి. కింద ముడి వేసుకుంటే అసలు కుదరదు, పైకి వేసుకోవాలి. కళ్లజోడు ఉన్నవాళ్లు ముందు ఇవి పెట్టుకుని, పైన కళ్లజోడు పెట్టుకుంటే నొప్పి ఉండదు. స్కూటర్ హెల్మెట్లో పట్టవు, బండి మీద వినాల్సిన అవసరమూ లేదు. ఫోన్ కాల్స్ ఇంట్లో బాగానే ఉంటాయి. బీచ్‌లో మాట్లాడితే అవతలివాళ్లకి గాలి హోరే వినపడుతుంది.

బ్యాటరీ నాలుగు గంటలకి దిగితే కొత్తవి కొంటాను, మళ్లీ ఈ రకమే. ఇప్పుడు మామూలు టైప్-సి ఛార్జింగ్ ఉన్నవి వచ్చాయి. ధర వెయ్యో రెండు వేలో ఎక్కువైనా వాటికే వెళ్తాను. పాతవి నాన్న మంచం పక్కనే ఉంటాయి, ఆ అయస్కాంతం కేబుల్‌తో సహా.