"రీస్టోర్ చేసిన ప్లేఫీల్డ్" అని అమ్ముతున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

పాత పిన్‌బాల్ మెషిన్ కొందామనుకునేవాళ్లకూ, ఉన్నదాని ప్లేఫీల్డ్ (బంతి దొర్లే, బొమ్మలు అచ్చువేసిన చెక్క పలక) విప్పి ఎవరికో పంపబోతున్నవాళ్లకూ ఈ హెచ్చరిక. "ప్లేఫీల్డ్ మొత్తం రీస్టోర్ చేశాం, ఇంక చూసుకోనక్కర్లేదు" అని చెబితే నేను నమ్మి కొన్న డెబ్భైల నాటి మెషిన్ కొద్ది వారాలకే పెచ్చులూడడం మొదలుపెట్టింది. అమ్మినాయన పేరు రాయను. ఆయన చేసిన పని ఎలాంటిదో చెబుతాను, అలాంటిది ఎక్కడ కనబడినా మీరు గుర్తుపట్టాలి.

ఫోటోల్లో మెరిసిపోయింది. ఇంటికొచ్చాక కూడా నిలబడి చూస్తే తప్పు పట్టలేం. ఆట మొదలుపెట్టాకే అసలు సంగతి బయటపడింది. మధ్యలో ఉన్న గుండ్రటి ఇన్సర్ట్ మీదికి రాగానే బంతి చిన్నగా ఎగిరి పక్కకు పోతోంది. ఆ అంచు మీద గోరు పెట్టి లాగితే మెట్టు తగిలింది. కింద బల్బు వెలిగే ఈ ప్లాస్టిక్ బిళ్లలు ఏళ్లు గడిచేకొద్దీ జిగురు వదిలి కుంగుతాయి, కొన్ని పైకి లేస్తాయి. పని తెలిసినవాళ్లు వాటిని మళ్లీ అతికించి, చెక్కతో సమానం చేశాకే పైన క్లియర్ కోట్ (రంగులను కాపాడే పారదర్శక పూత) వేస్తారు. ఇక్కడ వదులుగా ఉన్న బిళ్లల మీదే కొట్టేశారు. బిళ్ల కదిలినప్పుడల్లా దాని చుట్టూ కోటింగ్ చిట్లి తెల్లగా గీత పడింది. ఆ గీత దగ్గరే పెచ్చు లేవడం మొదలైంది.

ఊడిన ఒక పెచ్చును తిరగేసి చూశాను. టచప్‌గా వేసిన కొత్త ఎరుపు దానికి అంటుకుని వచ్చేసింది. కింద చెక్క నారల్లో బంతి తొక్కిన నల్లటి మురికి అలాగే ఉంది. అంటే సరిగా తుడవనే లేదు. పాత మైనం, సిలికాన్ ఉన్న పాలిష్ పూర్తిగా పోకుండా కోటింగ్ వేస్తే అది పట్టదు, అక్కడక్కడా చేపకన్ను లాంటి గుంటలు కూడా పడతాయి. 80 గ్రాముల ఉక్కు బంతి రోజూ దొర్లుతుంటే పట్టులేని పొర ఎన్నాళ్లు నిలుస్తుంది? పైన పటారం, లోన లొటారం.

నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇది కాదు. కొత్త రంగు పోతే మళ్లీ వేసుకోవచ్చు. ఆ పెచ్చుతో పాటు పక్కన బాగానే ఉన్న అసలు స్క్రీన్ ప్రింట్ కూడా లేచిపోయింది. కొన్ని మోడళ్లకు కొత్తగా అచ్చువేసిన ప్లేఫీల్డ్‌లు దొరుకుతాయి, చాలావాటికి దొరకవు. అరిగిపోయి ఉన్నా, అలాగే వదిలేసి ఉంటే ఆ బొమ్మ మిగిలేది.

అమ్మినాయన్ని అడిగితే "ఆడితే అరగదా మరి" అన్నాడు. అరగడం వేరు, పెచ్చుగా లేవడం వేరు. సరిగా వేసిన టూ-పార్ట్ యురేథేన్ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే రకం) కోటింగ్ ఏళ్ల తరబడి ఆటకు తట్టుకుంటుంది.

అందుకే, పూర్తయిన ఫోటోలు చూసి ఒప్పుకోకండి. మధ్య దశల ఫోటోలు అడగండి: విడిభాగాలన్నీ తీసేసిన ప్లేఫీల్డ్, ఇన్సర్ట్‌లు సరిచేశాక, రంగులు దిద్దాక, కోటింగ్ వేయకముందు. నిజంగా పని చేసినవాళ్ల దగ్గర ఇవి తప్పకుండా ఉంటాయి, అడక్కుండానే చూపిస్తారు. నసిగితే అక్కడితో ఆపేయండి. నేరుగా వెళ్లి చూడగలిగితే లైట్లు తగ్గించి, టార్చిని ప్లేఫీల్డ్‌కు దాదాపు ఆనించి అడ్డంగా వెయ్యండి. పైనుంచి పడే వెలుతురులో కనబడని మెట్లు, గుంటలు అప్పుడు నీడలతో సహా కనిపిస్తాయి. బొమ్మల చుట్టూ ఉండే నల్ల గీతలను దగ్గరగా చూడండి. చేత్తో దిద్దితే ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటాయి. పోస్టుల (ప్లేఫీల్డ్ మీద బిగించే చిన్న స్తంభాల) చుట్టూ కోటింగ్ ఉబ్బి ఉంటే, పూర్తిగా గట్టిపడకముందే స్క్రూలు బిగించారనుకోవచ్చు. ఏ కోటింగ్ వేశారో, ఎన్ని వారాలు ఆరనిచ్చారో కూడా అడగండి. చెక్క సామాన్లకు వేసే నూనె ఆధారిత వార్నిష్ అయితే వద్దు, కొన్నాళ్లకు తెల్ల రంగులన్నీ పసుపెక్కుతాయి.

అరిగిన బొమ్మ మీద ప్రింట్ చేసిన స్టిక్కర్ పరిచి రీస్టోర్ అనేవాళ్లూ ఉన్నారు. ఓవర్‌లే అని చెప్పి అమ్మితే ఎవరిష్టం వారిది. చెప్పకపోతే మాత్రం అది మోసమే.

ఇప్పటికే ఇలాంటిది మీ ఇంట్లో ఉంటే ముందు ఆట ఆపండి. ఊడిన పెచ్చులు పారేయకండి, రంగు సరిపోల్చుకోవడానికి పనికొస్తాయి. లేస్తున్న చోట మైలార్ (అంటుకునే పారదర్శక ప్లాస్టిక్ పొర) గానీ టేపు గానీ అతికించకండి, తీసేటప్పుడు మిగిలిన రంగును కూడా పీకేస్తుంది. ఇంట్లోనే టూ-పార్ట్ యురేథేన్ స్ప్రే చేద్దామనే ఆలోచన అసలే వద్దు. అందులోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు ప్రమాదం, మామూలు మాస్క్ సరిపోదు. అమ్మినవాళ్లు "పైన ఇంకో కోటు వేసిస్తాం, సర్దుకుంటుంది" అంటే ఒప్పుకోకండి. అడుగు పొరకే పట్టు లేనప్పుడు, పైన ఎన్ని కోట్లు వేసినా దాంతో పాటే ఊడొస్తాయి.