సోర్స్ నుంచి ఫ్రీబీఎస్‌డీ అప్‌డేట్: ఇప్పుడు టెన్షన్ లేకుండా చేసుకోవచ్చు

విజయవాడలో మా డీటీపీ సెంటర్ ఫైల్ సర్వర్ ఫ్రీబీఎస్‌డీ 14 అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తోంది. శుభలేఖల సీజన్‌లో అది ఆగిందంటే మాకు పనే లేదు. అయినా దాన్ని సోర్స్ కోడ్ నుంచే, అంటే కోడ్‌ని నేనే కంపైల్ చేసి (నడిచే ప్రోగ్రామ్‌లుగా మార్చి) అప్‌డేట్ చేస్తాను. ఫ్రీబీఎస్‌డీ-అప్‌డేట్ అనే రెడీమేడ్ పద్ధతి రిలీజ్ వెర్షన్లకే పనికొస్తుంది. నాకేమో రిలీజ్‌ల మధ్య మార్పులు చేరుతూ ఉండే స్టేబుల్ బ్రాంచ్ కావాలి, అక్కర్లేని డ్రైవర్లు తీసేసిన సొంత కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) కావాలి.

కెర్నల్ కాకుండా మిగతా సిస్టమ్‌ని (దాన్నే వరల్డ్ అంటారు) కంపైల్ చేసే బిల్డ్‌వరల్డ్‌కి టైమ్ పడుతుంది, అందులో సందేహం లేదు. ఎక్కువ భాగం క్లాంగ్, ఎల్ఎల్‌వీఎమ్ అనే కంపైలర్ భాగాలు కంపైల్ అవడానికే పోతుంది. నాలుగు కోర్ల పాత డెస్క్‌టాప్ కాబట్టి రాత్రి షట్టర్ దించేముందు మొదలుపెట్టి ఇంటికి వెళ్లిపోతాను. మెటా మోడ్ అనే బిల్డ్ సెట్టింగ్ ఆన్ చేసుకున్నాక రెండోసారి నుంచి చాలా తేలికైంది. ఫైళ్ల వాడకాన్ని గమనించే ఫైల్‌మాన్ అనే కెర్నల్ మాడ్యూల్ లోడ్ చేస్తే, ఏ ఫైలు దేని మీద ఆధారపడిందో అది గుర్తుపెట్టుకుని మారినవాటినే మళ్లీ కంపైల్ చేస్తుంది. ఎండాకాలం మధ్యలో కరెంటు పోయినా మొత్తం మొదటికి రాదు. అయితే ఆ సెట్టింగ్ రాయాల్సింది ఈటీసీ ఫోల్డర్‌లోని ఎస్ఆర్‌సీ-ఈఎన్‌వీ డాట్ కాన్ఫ్ ఫైల్లో. ఎస్ఆర్‌సీ డాట్ కాన్ఫ్‌లో రాస్తే పనిచేయదు.

ఇక కాన్ఫిగ్ ఫైళ్లు, అంటే సెట్టింగులుండే ఫైళ్లు. వాటిని కొత్తవాటితో కలిపే పాత టూల్ మెర్జ్‌మాస్టర్ మనం ముట్టుకోని ఫైళ్ల గురించి కూడా ఒక్కొక్కటిగా అడిగి విసిగించేది. అదే పని చేసే ఈటీసీఅప్‌డేట్ అలా కాదు: పాత ఒరిజినల్, కొత్త ఒరిజినల్, మన ఫైలు, ఈ మూడింటినీ కలిపి చూస్తుంది. నిజంగా తగువు వచ్చినచోటే మనల్ని పిలుస్తుంది.

వీటన్నిటికంటే నేను ఎక్కువ మెచ్చుకునేది బూట్ ఎన్విరాన్‌మెంట్‌ని, అంటే విడిగా బూట్ చేయగల సిస్టమ్ నకలుని. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ మీద ఉన్న సిస్టమ్‌కి బీఈసీటీఎల్ కమాండ్ ఒక్క క్షణంలో నకలు తీస్తుంది. సోర్స్‌లోనే, టూల్స్ కింద బిల్డ్ ఫోల్డర్‌లో బీఇన్‌స్టాల్ అనే స్క్రిప్ట్ ఉంది. కంపైల్ అయ్యాక దాన్ని నడిపితే కొత్త కెర్నల్, కొత్త వరల్డ్ అన్నీ ఆ నకలులోకే వెళ్తాయి. నడుస్తున్న సిస్టమ్ జోలికి రాదు, మా వాళ్లు పేజీలు పెట్టుకుంటూనే ఉంటారు. రీబూట్ ఒక్కటే మిగులుతుంది. కొత్తది మొరాయిస్తే, బూట్ అయ్యేటప్పుడు వచ్చే లోడర్ మెనూలో పాతదాన్ని ఎంచుకోవడమే. సోర్స్ అప్‌డేట్ అంటే భయపడే వాళ్లందరికీ నేను ముందు చూపించేది ఇదే.

కానీ రెండు జాగ్రత్తలు తప్పనిసరి. మామూలు ఇన్‌స్టాలేషన్‌లో వార్ (var) ఫోల్డర్ కింద ఉండే డీబీ ఫోల్డర్ కూడా బూట్ ఎన్విరాన్‌మెంట్‌లో భాగమే. మీ బిల్లింగ్ డేటాబేస్ అక్కడుంటే, పాతదానికి వెళ్లగానే ఈ మధ్య రాసిన బిల్లులు కనిపించవు. అందుకే మా డేటాబేస్ మైఎస్‌క్యూఎల్‌కి విడిగా డేటాసెట్ (జెడ్‌ఎఫ్‌ఎస్‌లో వేరే భాగం) చేసి పెట్టాను. రెండోది, అప్‌డేట్ అయిన వెంటనే, డిస్కుల పూల్‌కి (జెడ్‌ఎఫ్‌ఎస్ స్టోరేజీకి) కొత్త ఫీచర్లు చేర్చే జెడ్‌పూల్ అప్‌గ్రేడ్ కమాండ్ కొట్టకండి. కొత్త ఫీచర్లు ఆన్ అయితే పాత సిస్టమ్ ఆ పూల్‌ని తెరవలేకపోవచ్చు, వెనక్కి వచ్చే దారి మూసుకుపోతుంది.

నచ్చనిదల్లా చివరి శుభ్రం. అక్కర్లేని పాత ఫైళ్లు తీసే డిలీట్-ఓల్డ్ ప్రతి ఫైలుకీ అవునా కాదా అని అడుగుతుంది. బ్యాచ్ ఆప్షన్ ఇస్తే ఒకేసారి తీసేస్తుంది గానీ, అసలు అదే డిఫాల్ట్‌గా ఉండాలి. పాత లైబ్రరీలను మాత్రం ప్యాకేజీలన్నీ కొత్తవి వేశాకే తీయాలి. ప్రతిసారీ సోర్స్‌తో వచ్చే, ముఖ్యమైన మార్పులు రాసి ఉండే అప్‌డేటింగ్ అనే ఫైలు చదివి మొదలుపెట్టడం కూడా తప్పదు, దానికి ఏ స్క్రిప్టూ లేదు.

యూఎఫ్ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్ మీద నడుపుతున్నవాళ్లకి ఈ సుఖంలో సగం దొరకదు. వాళ్లు రెడీమేడ్ అప్‌డేట్‌తోనే ఉండడం మంచిది. జెడ్‌ఎఫ్‌ఎస్ ఉండి, ఒక రాత్రి మెషీన్‌ని కంపైల్‌కి వదిలేయగలిగితే ఈ వీకెండే మొదలుపెట్టండి.