చిప్ రింగా, రబ్బరు రింగా?

"అన్నా, చిప్ రింగుకి మారదామా, రబ్బరు రింగే చాలా?" ఈ సీజన్‌లో తిరుపతి, చిత్తూరులో పందెం పావురాలు పెంచే కుర్రాళ్లు నన్ను ఈ మాట అడగని వారం లేదు. పక్షి గూటికి చేరిన టైమ్‌ని లెక్కపెట్టడానికి దాని కాలికి వేసే రింగు సంగతి ఇది. రెండేళ్లు ఊగిసలాడి ఈమధ్యే నేను చిప్‌కి మారాను కాబట్టి, తేడా ఎక్కడుందో చెబుతాను.

రబ్బరు రింగుతో పెద్ద ఖర్చేమీ లేదు. రింగు వేస్తే టైమ్ కొట్టే పాత క్లాక్ ఒకటి సంపాదించుకుంటే ఏళ్ల తరబడి నడుస్తుంది. చిక్కంతా పావురం వాలాకే మొదలవుతుంది. అది లోపలికి రావాలి, మనం పట్టుకోవాలి, కాలి నుంచి రింగు లాగి క్లాక్‌లో వేసి కొట్టాలి. అప్పుడే టైమ్ పడేది. పోయిన ఏడాది నెల్లూరు పందెం రోజు నా నీలి పెట్ట రాగానే టెన్షన్‌తో చేతులు వణికాయి. చెమట వేళ్ల మధ్య రింగు జారి జాలీ కిందికి దొర్లిపోయింది. వెతికి తీసేసరికి నిమిషం అయిపోయింది.

నిమిషమే కదా అనుకోకండి, పందెంలో లెక్క వేగానిదే. నెల్లూరు నుంచి తిరుపతికి గాలిదారిలో సుమారు 110 కిలోమీటర్లు. 100 నిమిషాల్లో వస్తే వేగం నిమిషానికి 1100 మీటర్లు, 101 నిమిషాలైతే 1089. దగ్గర పందేల్లో ఆ పదకొండు మీటర్ల సందులో నలుగురు దూరిపోతారు. అదే విజయవాడ నుంచైతే దాదాపు 344 కిలోమీటర్లు. ఆ దూరానికి నిమిషం పోయినా తగ్గేది మూడున్నర మీటర్లే. దూరపు పందేలు మాత్రమే ఆడేవాళ్లకు చిప్ అంత అవసరం లేదనేది అందుకే.

కానీ నేను మారింది ఆ నిమిషం కోసం కాదు. వచ్చిన ప్రతిసారీ ఒడిసి పడుతుంటే తెలివైన పక్షి మన చెయ్యి చూసి భయపడుతుంది. నాలుగు పందేలయ్యేసరికి మా పెట్ట పక్కింటి నీళ్ల ట్యాంకు మీద కూర్చుని, నేను మిద్దె దిగేదాకా కదిలేది కాదు. అంత దూరం ఎగిరొచ్చి సొంత గూటికి రావడానికి జంకుతుంటే చూడలేకపోయాను. చిప్‌తో ఆ బాధ లేదు. గూటి వాకిట్లో ప్యాడ్ ఉంటుంది. దాని మీదుగా నడిచి లోపలికెళ్తే టైమ్ పడిపోతుంది. ఎదురుగా జొన్నలు, నీళ్లు. ముట్టుకునేవాళ్లు ఉండరు.

అలాగని చిప్ పక్షిని లోపలికి పిలవదు. ట్యాంకు మీద పది నిమిషాలు కూర్చుంటే ఆ పది నిమిషాలూ పోయినట్టే. ఈలకి, గింజలకి దిగడం అలవాటు కాని పక్షులున్నవాళ్లు ముందు అది నేర్పండి.

చిప్‌లో బ్యాటరీ ఉండదు, ప్యాడ్ నుంచే దానికి శక్తి అందుతుంది. చిప్ ఒక్కటీ యూరప్‌లో కొన్ని యూరోలే. ఖర్చంతా ప్యాడ్‌కీ, టైమ్ నమోదు చేసే బాక్స్‌కీ. అవి వందల యూరోలు, ఆపైన కొరియర్, కస్టమ్స్. బెంజింగ్, యునికాన్, టిపెస్, బ్రికాన్ అని చాలా కంపెనీలున్నాయి. ఏది మంచిదని నన్ను అడిగే ముందు మీ క్లబ్ దగ్గర ఏముందో అడగండి. పందేనికి ముందు పక్షుల్ని బుట్టలకెక్కించేటప్పుడు ప్రతి చిప్‌నీ క్లబ్ యంత్రానికి చూపించాలి, పందెం కోడ్ అక్కడే ఎక్కుతుంది. ఒక కంపెనీ చిప్‌ని ఇంకో కంపెనీ సెట్టు చదవకపోవచ్చు. క్లబ్‌లో యంత్రమే లేకపోతే మీరొక్కరే కొని లాభం లేదు, పదిమంది కలిసి ముందు దాని సంగతి తేల్చుకోవాలి.

మాది రేకుల షెడ్డు. ప్యాడ్‌ని ఇనుప రేకు మీదే పెడితే రీడింగ్ సరిగా రాలేదు, కింద చెక్క వేసి ఎత్తు పెంచాక కుదిరింది. కరెంటు పోతుంది కాబట్టి బ్యాటరీ కూడా తగిలించాను.

రింగు మీద స్టిక్కర్ గీకి, నంబరు ఫోన్‌లో పంపే పద్ధతి కూడా ఉంది. చవకే, కానీ పక్షిని పట్టుకోక తప్పదు.

చిప్ డబ్బులు ఎక్కువగా పోయేది పిల్ల పావురాల దగ్గరే. డేగ ఎత్తుకుపోయినా, దారి తప్పినా చిప్ కూడా పోయినట్టే. అలవాటు చేయడానికి నేను వాటిని శ్రీకాళహస్తి, నాయుడుపేట, గూడూరు వరుసలో దూరం పెంచుతూ వదులుతాను. గూడూరు నుంచి రెండుసార్లు తిరిగొచ్చిన పిల్లకే చిప్ వేస్తున్నాను.