చెకర్డా, ఈస్టర్నా, ప్లెయిన్సా? పెంచుకోవడానికి ఏ గార్టర్ పాము మేలు

మా అమ్మాయి పదకొండో పుట్టినరోజుకి పాము కావాలంది. కుక్కపిల్లను అడుగుతుందేమోనని మేమిద్దరం ముందే మాట్లాడుకుని, సరే అనడానికి సిద్ధపడి ఉన్నాం. పాము సంగతి మాత్రం ఊహించలేదు. తెనాలిలో ఉన్న మా అమ్మకి ఫోన్లో చెబితే, "నాగులచవితికి పుట్ట దగ్గరికి రారా అంటే వచ్చేవాడివి కాదు, ఇప్పుడు ఏకంగా ఇంట్లోకే తెచ్చుకుంటావా?" అంది.

అడిగింది కొండచిలువను కాదులెండి, గార్టర్ పాముని. మేముండే షికాగో శివార్లలో ఇవి పచ్చికలో, రాళ్ళ సందుల్లో కనిపిస్తూనే ఉంటాయి. వీపు మీద పొడుగునా పసుపు చారలు. పూర్వం మేజోళ్ళు జారకుండా కట్టుకునే పట్టీల్లా ఉన్నాయని ఆ పేరు పెట్టారు. చాలావరకు రెండు మూడడుగుల లోపే ఉంటాయి, ఆడవి కాస్త పెద్దవి. గుడ్లు పెట్టవు, పిల్లల్ని కంటాయి. లాలాజలంలో కొద్దిగా విషగుణం ఉన్నా మనుషులకి ప్రమాదం లేదు. కరిస్తే కొందరికి ఆ చోట కాస్త వాపు, దురద, అంతే.

ఒక రకంగా ఇది మన చెరువుల్లో తిరిగే నీరుకట్టెకి దూరపు చుట్టం. రెండూ ఒకే ఉపకుటుంబం. చిన్నప్పుడు కాలవ గట్టున నీరుకట్టెను పట్టుకోబోయి కరిపించుకున్నవాళ్ళకి ఆ వంశం తీరు తెలిసే ఉంటుంది. ఇది చదివి ఇండియాలో ఎవరైనా నీరుకట్టెను పెంచుదామనుకుంటారేమో, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. అమెరికాలో కూడా రాష్ట్రానికో రూలు. జార్జియాలో అయితే అక్కడి సొంత రకం పాముల్ని, విషం లేనివైనా సరే, ఇంట్లో ఉంచుకోకూడదు. అట్లాంటాలో ఉన్న మనవాళ్ళు గమనించాలి.

కొనేముందు అందరూ వేసే ప్రశ్న, "ఏది సాధువు?" అని. నేనూ అదే అడిగాను. రెండు పాముల్ని మూడేళ్ళు సాకాక తెలిసిందేమంటే, ఆ ప్రశ్నే సరైంది కాదు. గార్టర్ పాముకి కోపం కన్నా కంగారు ఎక్కువ. దాని ఆయుధాల్లో కాటు చివరిది. మొదటిది పరుగు, రెండోది కంపు. పట్టుకోగానే తోక దగ్గర నుంచి ఒక ద్రవం, దాంతోపాటు రెట్ట కూడా కలిపి చేతికి పూసేస్తుంది. ఆ వాసన సబ్బుతో ఒక్కసారి కడిగితే పోదు. కాబట్టి చూడాల్సినవి మూడు. చేతిలో నిలుస్తుందా, కంపు కొడుతుందా, కరుస్తుందా. ఒకదాంట్లో మంచి మార్కులొచ్చిన పాము ఇంకోదాంట్లో తప్పొచ్చు. అస్సలు కరవకుండా, పట్టుకున్న ప్రతిసారీ కంపు కొట్టేవి బోలెడు.

మేం మొదట తెచ్చింది చెకర్డ్ గార్టర్. గోధుమరంగు ఒంటి మీద చదరంగం గళ్ళలా నల్ల మచ్చలు, మధ్యలో పసుపు చార. మా అమ్మాయి దానికి పులిహోర అని పేరు పెట్టింది, నల్ల మచ్చలు తాలింపులో ఆవాలట. ఇది టెక్సస్, న్యూ మెక్సికో, అరిజోనాల మీదుగా మెక్సికో దాకా ఉండే రకం. శాస్త్రీయ నామంలోని మార్సియానస్ అన్న మాట ర్యాండల్ఫ్ మార్సీ అనే సైనికాధికారి పేరు మీద వచ్చింది. ఆయన 1852లో రెడ్ రివర్ అనే నది పుట్టుక వెతుక్కుంటూ వెళ్ళిన బృందానికి నాయకుడు. ఆ మరుసటి ఏడాదే పాముకి ఆ పేరు పెట్టారు.

పెంపకందారులు చెకర్డ్‌ని నెమ్మదస్తురాలు అంటారు. పులిహోర విషయంలో అది నిజమే అయింది. మొదటి రెండు వారాలు చెయ్యి కనిపిస్తే బెరడు కిందకి దూరేది. మూడోవారం నుంచి చేతి మీద పాకడం మొదలుపెట్టింది. ఇప్పటిదాకా రెండుసార్లే కంపు కొట్టింది, అందులో ఒకటి నా తప్పు, కుబుసం విడిచే రోజుల్లో కదిలించాను. చెకర్డ్‌తో ఇంకో సౌకర్యం, ఎలకపిల్లలు తినడం త్వరగా అలవాటు చేసుకుంటుంది. ఫ్రీజర్లో దొరికేవే, కరిగించి పెట్టడమే. చేపలు, వానపాములు మాత్రమే తినే గార్టర్ల రెట్ట భరించలేనంత వాసన కొడుతుంది, ఎలకలు తినేదానిది కాస్త నయం. చేతిలోకి తీసుకోవడానికి పిల్లలు జంకకపోవడంలో ఈ వాసన పాత్ర చిన్నదేం కాదు.

రెండోది ఈస్టర్న్. మా పెరట్లో తిరిగే జాతే. ఒక పెట్ షాపులో కొన్నాం. "మా దగ్గరే పుట్టింది, మనుషులకి అలవాటే" అన్నారు. ఇంటికి తెచ్చాక మూత తీస్తే చాలు, గాజు గోడలకి తల కొట్టుకుంటూ పరుగు. చేతిలోకి తీసుకుంటే ఒళ్ళు చపాతీలా వెడల్పు చేసి నోరు తెరిచేది. కంపు సంగతి చెప్పక్కర్లేదు. మా ఆవిడ దానికి మిర్చి అని పేరు పెట్టి, "ఏవండీ, ఈ ఘాటు నా వల్ల కాదు" అనేసింది. నెలరోజుల తరవాత బక్కచిక్కుతోందని డాక్టరుకి చూపిస్తే, పొలుసుల సందుల్లో పిడుదు, కడుపులో పరాన్నజీవులు. అడవి నుంచి పట్టుకొచ్చిన పాము అయ్యుంటుందని ఆయన చెప్పారు.

అప్పటిదాకా నేను అందరికీ చెబుతున్నది ఏమిటంటే, చెకర్డ్ మంచిది, ఈస్టర్న్ పనికిరాదు అని. రెండు పాముల్ని చూసి రెండు జాతుల మీద తీర్పు చెప్పేశాను. తరవాత తెలిసినవాళ్ళింట్లో ఒక ఈస్టర్న్‌ని చూశాను. పుట్టినప్పటి నుంచి పంజరంలో పెరిగింది, ఎనిమిది నెలల వయసు. ఆ ఇంటి పిల్లాడి చొక్కా చేతిలోంచి దూరి మెడ దగ్గర తేలింది, హాయిగా నాలుక ఆడిస్తూ. మా పులిహోర కన్నా చలాకీగా ఉంది. ఆ రోజుతో నా లెక్క మారింది. ఏ జాతి అన్నదాని కన్నా ఎక్కడ పుట్టింది అన్నది ముందు చూడాలి.

అయినా జాతుల మధ్య తేడా లేదనను. ఈస్టర్న్‌లలో ఎగుడుదిగుడు ఎక్కువ, ఒకటి బంగారం, ఒకటి మిర్చి. చెకర్డ్‌లలో ఆ తేడా నేను చూసినంతలో తక్కువ. ప్లెయిన్స్ గార్టర్, అంటే మధ్య అమెరికా పచ్చికబయళ్ళ రకం, నారింజరంగు చారతో చాలా అందంగా ఉంటుంది. పంజరంలో పుట్టినది దొరికితే చెకర్డ్‌కి ఏమీ తీసిపోదని నా అంచనా. తిండి దగ్గర మాత్రం మహా ఆత్రం. పట్టకారుతో పెట్టాలి, వేళ్ళతో కాదు.

వాండరింగ్ గార్టర్ పశ్చిమ కొండప్రాంతాల్ది. మొండి ఘటం, ఏది పెట్టినా తింటుంది, పక్క పాముని కూడా. మొదటి పాముగా వద్దు. రిబ్బన్ పాము కూడా ఈ కుటుంబమే, సన్నగా, నాజూగ్గా, పొడుగులో మూడోవంతు తోకే. చూస్తే ముచ్చటేస్తుంది కానీ దానంత కంగారు మనిషిని నేను చూడలేదు, పాము అనాలేమో. గాజు అవతల నుంచి చూసి ఆనందించేవాళ్ళకి సరే. ఇక ఎరుపు, నలుపు, నీలం కలిసిన శాన్‌ఫ్రాన్సిస్కో గార్టర్ ఫొటోలు చూసి మనసు పారేసుకోకండి. 1967 నుంచి అది అంతరించిపోతున్న జీవుల జాబితాలో ఉంది, ఇక్కడ ఇంట్లో పెంచడానికి వీల్లేదు.

ఒకే తల్లి పిల్లల్లోనూ తేడాలుంటాయి. అమెరికాలో గోర్డన్ బర్గార్ట్, హెరాల్డ్ హెర్జోగ్ అనే శాస్త్రవేత్తలు 1980ల్లో గార్టర్ పిల్లల్ని పుట్టినప్పటి నుంచి పరీక్షించారు. వేలు దగ్గరికి తెస్తే కాటుకొచ్చేవి కొన్ని, రానివి కొన్ని. ఆ తేడా మొదటి ఏడాది అంతా చాలావరకు అలాగే నిలిచింది. కెనడాలో విల్ఫ్రిడ్ లారియర్ యూనివర్సిటీకి చెందిన మోర్గన్ స్కిన్నర్, నోమ్ మిల్లర్ 2020లో ఈస్టర్న్ గార్టర్ల మీద ప్రచురించిన అధ్యయనం ఇంకా తమాషాగా ఉంటుంది. కొన్ని ధైర్యస్తులు, కొన్ని పిరికివి, పైగా ఫలానా పాము పక్కనే ఉండాలని వెతుక్కుని వెళ్ళేవి కూడా ఉన్నాయట. పాములకి స్నేహితులు! ఇది చెబితే మా అమ్మ నమ్మలేదు.

1989లో ఎడ్మండ్ బ్రోడీ అనే శాస్త్రవేత్త చూపించిన సంగతి నాకు మరీ ఇష్టం. అమెరికా వాయవ్య తీరంలోని ఒక గార్టర్ జాతిలో చారలున్నవి ప్రమాదం వస్తే తిన్నగా పారిపోతాయి. చారలు లేక మచ్చలున్నవి కాస్త దూరం పోయి చటుక్కున దిశ మార్చుకుంటాయి. చారల పాము తిన్నగా పోతుంటే దాని వేగం కంటికి అంతు చిక్కదు కాబట్టి రెండూ జతగా వారసత్వంలో వస్తున్నాయని ఆయన వాదన. అంటే కొంత కంగారు పెంపకంతో పోయేది కాదు, పుట్టుకతో వచ్చిందే.

అదే పాము ఒకరోజు ఒకలా, ఇంకోరోజు ఇంకోలా ఉండటమూ మామూలే. కుబుసం ముందు కళ్ళు నీలంగా మసకబారతాయి, అప్పుడు చూపు సరిగా ఆనదు, ఏది తగిలినా ఉలికిపాటే. కడుపుతో ఉన్న ఆడపాముని కదిలించకూడదు. కెనడాలో మానిటోబా రాష్ట్రంలోని నార్సిస్ దగ్గర వసంతంలో వేలకొద్దీ రెడ్‌సైడెడ్ గార్టర్లు బిలాల్లోంచి బయటికొస్తాయి, చూడటానికి జనం వెళతారు. అప్పుడు మగపాములు ఆడవాటి ధ్యాసలో పడి మనిషిని లెక్కే చేయవు. ఆ వీడియోలు చూసి "గార్టర్లు ఎంత సాధువులో" అనుకోవడం, పెళ్ళిపందిట్లో మనిషిని చూసి అతని స్వభావం చెప్పడం లాంటిది.

కాటుల్లో రెండు రకాలున్నాయని కూడా గుర్తుంచుకోవాలి. భయంతో కరిచేది ఒక్క పోటు, వెంటనే వదిలేస్తుంది. ఆకలితో కరిచేది పట్టుకుని నమలడం మొదలుపెడుతుంది. మా అమ్మాయికి పడిన ఒకే ఒక్క కాటు పులిహోరదే, నెమ్మదస్తురాలిదే. వానపాములు పెట్టి చేతులు కడుక్కోకుండా దాన్ని ఎత్తుకుంది. పాముకేం తెలుసు, వేళ్ళు వానపాముల్లా వాసన వేశాయి. దాన్ని స్వభావం ఖాతాలో రాయకూడదు.

స్వభావం మారిందనిపిస్తే ముందు తిండి చూడండి. గోల్డ్‌ఫిష్ లాంటి కొన్ని చేపల్లో బి1 విటమిన్‌ని నాశనం చేసే ఎంజైమ్ ఉంటుంది. రోజూ అవే పెడితే పాము ఒణుకుతుంది, తల తిప్పేస్తుంది, మూర్ఛలొస్తాయి. కొందరు దాన్నే "ఈమధ్య చిరాకు పడుతోంది" అనుకుంటారు. ఎరువుల గుంటల్లో పెంచే ఎర్ర వానపాములూ పెట్టకూడదు, వాటి ఒంట్లోని ద్రవం గార్టర్లకి విషం.

కాబట్టి నా లెక్క ఇది. పిల్లలు చేతిలోకి తీసుకోవాలనుకుంటే చెకర్డ్. ఫలానావాళ్ళ దగ్గర పుట్టిందని రుజువు ఉండి, నిలకడగా తింటున్న ఆరేడు నెలల పిల్ల అయితే ఈస్టర్న్ గానీ ప్లెయిన్స్ గానీ దాంతో సమానం. అప్పుడే పుట్టిన పిల్లల్ని చూసి స్వభావం అంచనా వేయకండి, ఆ వయసులో అన్నీ అల్లాడిపోతూనే ఉంటాయి. కొనేముందు రెండు నిమిషాలు చేతిలోకి ఇమ్మని అడగండి. మొదట్లో గింజుకోవడం మామూలే, రెండో నిమిషానికి నెమ్మదిస్తుందా అన్నది చూడండి. మీ ముందు తిండి పెట్టమనండి. ఒప్పుకోకపోతే ఇంకో అమ్మేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. ఐదేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో మాత్రం సరీసృపాలే వద్దు, సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా సోకే భయం ఉంది. పెద్దపిల్లలైనా ముట్టుకున్న ప్రతిసారీ చేతులు కడుక్కోవాల్సిందే.

మిర్చిని వెనక్కి ఇచ్చెయ్యమని చాలామంది అన్నారు. ఇవ్వలేదు. మందులు వాడాక ఒళ్ళు చేసింది, చేతిలోకి రావడం మాత్రం ఇప్పటికీ ఇష్టం లేదు. మేమూ బలవంతపెట్టడం మానేశాం. విచిత్రమేమంటే ఇంట్లో అందరూ ఎక్కువసేపు కూర్చుని చూసేది దాన్నే. గార్టర్లు పగలు తిరిగేవి కదా, పొద్దున్న కాఫీ తాగుతుంటే గాజు దగ్గరికొచ్చి తలెత్తి మా వైపు చూస్తుంది, గిన్నెలో నీళ్ళలో ఈదుతుంది, కొమ్మెక్కి ఎండ కాచుకుంటుంది. పులిహోర ఆ టైముకి బెరడు కింద పడుకునే ఉంటుంది.

వేసవిలో అమ్మ వచ్చి మూడు నెలలుంది. మొదటివారం ఆ గది వైపే రాలేదు. తిరుగు ప్రయాణానికి వారం ముందు ఒకరోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి మిర్చి పెట్టె ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, "దీనికి ఇవాళ ఏమీ పెట్టలేదేంట్రా?" అని అడిగింది.

వచ్చే నెల ఇక్కడ రెప్టైల్ షో, అంటే పాముల్లాంటి సరీసృపాల్ని అమ్మే ప్రదర్శన, ఉంది. నారింజరంగు చారల ప్లెయిన్స్ ఒకటి దొరుకుతుందేమో చూడాలి. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.