"రిపోర్టెడ్" పోయి "క్లెయిమ్డ్" వచ్చింది: ఇంగ్లీషు సవరణ సాఫ్ట్‌వేరుతో నాలుగేళ్లు

ఇంగ్లీషు వాక్యాల్లో తప్పులు చూపించే ఈ సాఫ్ట్‌వేరును ఎలా పెట్టుకోవాలో, ఏడాది చందా ఎంతో ఇక్కడ రాయడం లేదు. వాడేవారికి అవన్నీ తెలిసినవే. తిరుపతిలో బాలాజీ కాలనీ దగ్గర పరిశోధన గ్రంథాలకు టైపింగు, భాషా సవరణ, బైండింగు చేసిపెట్టే చిన్న దుకాణం నాది. నాలుగేళ్లుగా రోజూ దీనితోనే పని. నా ఫిర్యాదు మాత్రం ఒకే ఒక సౌకర్యం మీద. "ఒకే క్రియను పదే పదే వాడారు, మార్చమంటారా?" అని మర్యాదగా అడిగి, ఒకరు చెప్పిన మాటను మరొకరు ఉటంకించేటప్పుడు వాడే క్రియలను, వీటినే రిపోర్టింగ్ వెర్బ్స్ అంటారు, ఒకదాని స్థానంలో మరొకటి కూర్చోబెట్టే సౌకర్యం అది.

మొదటి ఏడాది చివర దీన్ని మెచ్చుకుంటూ నేనే ఒక సమీక్ష రాశాను. "టోల్డ్ దట్" అనే తప్పును ఇది ఎక్కడా వదిలిపెట్టదని అందులో రాసిన మాట ఇప్పటికీ నిజమే. తెలుగులో "రేపు సెలవని చెప్పారు" అంటే వాక్యం పూర్తయినట్టే. ఎవరికి చెప్పారో చెప్పనక్కరలేదు. ఇంగ్లీషులో ఆ వెసులుబాటు "సెడ్"కు ఉంది గాని, "టోల్డ్" తరువాత "దట్"తో మొదలయ్యే ఉపవాక్యం రావాలంటే మధ్యలో వినేవాడు ఉండి తీరాలి. "ఎక్స్‌ప్లెయిన్డ్ మీ దట్" అనేది దీనికి తిరగబడిన తప్పు. అక్కడ "మీ"కు ముందు "టు" లేకపోతే కుదరదు. ఈ రెండు తప్పులనూ దిద్దడం దీని పుణ్యమా అని నా చేతికి అలవాటైంది. అయితే వినేవాడు లేనిచోట ఇది "సెడ్" అని మార్చి ఊరుకోకుండా, ఎవరో ఒకరిని తానే తెచ్చి నిలబెడుతుందన్న సంగతి అప్పట్లో నేను గమనించలేదు. చంద్రగిరి వైపు పల్లెల్లోని పొదుపు సంఘాల మీద ఒకాయన చేసిన అధ్యయనంలో, సభ్యులు చెప్పిన మాటలన్నీ "టోల్డ్ అస్" అయిపోయాయి. ఆ పల్లెలు తిరిగింది ఆయన ఒక్కడే. "ఈ మేము ఎవరు?" అని మౌఖిక పరీక్షలో అడిగారట.

దీనికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది గాని, దాన్ని తప్పుగా లెక్కించలేను. "తాను సోమవారం సంతకం పెడతానని గైడు గారు చెప్పారు" అన్నప్పుడు తెలుగులో కర్త "తాను" అయినా, లోపలి క్రియ "పెడతాను" అని ఉత్తమ పురుషలోనే నిలుస్తుంది. మా దుకాణంలో పనిచేసే కుర్రవాడు ఆ క్రియను చూసి "ది గైడ్ సెడ్ దట్ ఐ విల్ సైన్ ఆన్ మండే" అని మెయిలు రాసి పంపేశాడు. సంతకం పెట్టేది మా కుర్రవాడేనని దాని అర్థం. వ్యాకరణంలో ఏ లోపమూ లేని వాక్యం కనుక సాఫ్ట్‌వేరు పచ్చగుర్తు వేసి పంపింది.

ఇక అసలు సంగతికి వస్తాను. వేరుశనగలో వచ్చే తిక్క తెగులు, అంటే ఆకుమచ్చ తెగులు, మీద పనిచేసిన ఒక అమ్మాయి గ్రంథం సమర్పణకు రెండు రోజుల ముందు నా దగ్గరికి వచ్చింది. రెండో అధ్యాయం పూర్వ పరిశోధనల సమీక్ష. అందులో ప్రతి వాక్యమూ ఫలానావారు ఫలానా ఏట "రిపోర్టెడ్ దట్" అనే మొదలవుతుంది. ఈ శాస్త్రాల్లో అదే ఆనవాయితీ, చదివేవారికి దానితో విసుగేమీ లేదు. సాఫ్ట్‌వేరుకు ఉంది. రెండు వందలకు పైగా సూచనలు చూపింది. రాత్రి పదకొండు దాటింది, కళ్లు మండుతున్నాయి. అన్నింటినీ ఒకేసారి అంగీకరించే మీట నొక్కాను. నొక్కింది నేనే, ఆ మాట దాచను.

మర్నాడు గైడు గారు ఆ అమ్మాయికి ఫోను చేశారు. ఆయన సొంత పరిశోధనా వ్యాసం ఉన్నచోట "రిపోర్టెడ్" పోయి "క్లెయిమ్డ్" వచ్చింది. "ఏమ్మా, నేను కనుక్కున్నానా, కనుక్కున్నానని చెప్పుకుంటా ఉండానా?" అని ఆయన అడిగిన ప్రశ్నను మించి ఆ రెండు క్రియల తేడాను ఏ నిఘంటువూ నాకు చెప్పలేదు. తెలుగులో "కనుక్కున్నారట" అనగానే ఆ ఒక్క "ట"తో మాట బరువు మన భుజం మీది నుంచి దిగిపోతుంది. ఇంగ్లీషుకు "ట" లేదు; ఆ పని చాలావరకు రిపోర్టింగ్ వెర్బే చేయాలి. "రిపోర్టెడ్" అంటే కనుగొన్నది తెలియజేశారని, "క్లెయిమ్డ్" అంటే వారలా అంటున్నారు గాని మా పూచీ లేదని, "అడ్మిటెడ్" అంటే ఇష్టం లేకపోయినా ఒప్పుకున్నారని అర్థం. ఇంకో పుటలో ఎవరో పెద్దాయన వానాకాలంలో తెగులు ఎక్కువగా ఉంటుందని "అడ్మిటెడ్" చేశారు, ఆ తెగులును పొలంలోకి తెచ్చింది తానే అన్నట్టు.

ఇక్కడితో ఆగి ఉంటే నవ్వుకుని ఊరుకునేవాళ్లం. మచ్చ చుట్టూ ఉండే పసుపు వలయం తొలి ఆకుమచ్చను, అంటే ఆ తెగులులో ముందుగా వచ్చే రకాన్ని, సూచిస్తుందని ఆ అమ్మాయి "సజెస్ట్స్ దట్ ఇట్ ఈజ్" అని రాసుకుంది. సాఫ్ట్‌వేరు "ఈజ్" తీసేసి "బి" పెట్టింది. "సజెస్ట్" అంటే సలహా అనే ఒక్క అర్థమే అది పట్టుకుంది. వైద్యుడు విశ్రాంతి తీసుకోమని చెబితే "సజెస్టెడ్ దట్ హి రెస్ట్", లేదా బ్రిటిష్ పద్ధతిలో "షుడ్ రెస్ట్". అక్కడ "రెస్ట్"కు చివర ఎస్ గాని, భూతకాల రూపం గాని ఉండదు. లక్షణాలు చూసి ఊహించేటప్పుడు మాత్రం మామూలు క్రియారూపమే రావాలి. మనకు ఈ చిక్కు లేదు. "తీసుకోమని సూచించారు", "ఉందని సూచిస్తున్నాయి" అనే రెండు వాక్యాల్లో "మని" ఒకదాన్ని, "అని" ఒకదాన్ని స్పష్టంగా విడదీస్తాయి. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే "దట్" కనుక, తేడా అంతా తరువాత వచ్చే క్రియ రూపంలోనే మిగులుతుంది. దాన్ని చెరిపేస్తే పసుపు వలయం మొక్కకు సలహాలిస్తున్నట్టు తయారవుతుంది.

"మే", "కెన్" లాంటి మోడల్ క్రియల మీద, అంటే వీలును, సంభావ్యతను తెలిపే సహాయక క్రియల మీద, కూడా దీని చెయ్యి పడింది. ఒకే పంటకాలం చేసిన ప్రయోగం కనుక ఆ అమ్మాయి జాగ్రత్తగా "మే రెడ్యూస్" అని రాసింది. సాఫ్ట్‌వేరు ధీమాగా రాయమంటూ "మే" తీసేసి "రెడ్యూసెస్" చేసింది. ఇంకోచోట "మే నాట్" స్థానంలో "కెనాట్" పెట్టింది, అంటే "ఉండకపోవచ్చు" అన్న మాట "ఉండే వీలే లేదు"గా మారింది. ఈ విషయంలో తప్పంతా యంత్రానిదేనని అనను. మన "వచ్చు"లోనే ఇద్దరున్నారు: "లోపలికి రావచ్చు" అనుమత్యర్థకం, "వాన రావచ్చు" సంభావనార్థకం. "మందుతో తెగులు తగ్గించవచ్చు" అంటే చేతనవుతుందని కూడా వినిపిస్తుంది. అందువల్ల "మే", "కెన్" దగ్గర తడబడని వారు నా దుకాణానికి అరుదుగా వస్తారు. కాని ఈ అమ్మాయి తడబడలేదు, సరిగ్గానే రాసింది. నా బాధ అదే.

ఫైలు అప్పటికే భద్రపరిచి మూసేశాను, వెనక్కి తీసుకునే దారి లేదు. అదృష్టవశాత్తూ ఆమె దగ్గర పాత ముద్రిత ప్రతి ఉంది. రెండు రాత్రులు పక్కపక్కన పెట్టుకుని చూశాం. ప్రతి వాక్యాన్నీ ఆమె తెలుగులో చెప్పేది: "అన్నారు", "అన్నారట", "ఒప్పుకున్నారు", "చేయమన్నారు", నేను దానికి తగిన క్రియను వెనక్కి పెట్టేవాణ్ణి. సమర్పణ నాలుగు రోజులు ఆలస్యమైంది, పుటలు మళ్లీ ముద్రించిన ఖర్చు నేనే పెట్టుకున్నాను. ఆమె "పరవాలేదులే అన్నా" అంది గాని, ఆ మాటను ఇంగ్లీషులో ఏ క్రియతో చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంత జరిగినా సాఫ్ట్‌వేరు తీసేయలేదు. క్రియలు మార్చే సౌకర్యం, ధీమా పెంచే సౌకర్యం రెండూ ఆపేశాను. ఆపాక నిజంగానే బుద్ధిగా ఉంది. ఉద్యోగ దరఖాస్తులు, ఉత్తరాలు రాసుకునేవారికి అన్నీ తెరిచిపెట్టుకున్నా పెద్ద నష్టం ఉండకపోవచ్చు. ఇతరుల మాటను ఉటంకించే అధ్యాయాలకు మాత్రం నేనైతే వాడను. నాకు యాభై దాటాయి, కంట్లో శుక్లం మొదలైంది, "టోల్డ్ దట్"లు వెతికే ఓపిక తగ్గింది. ఆ ఒక్క పని కోసమే చందా కడుతున్నాను. మార్చితో గడువు ముగుస్తుంది. అప్పటికి కంటి ఆపరేషను అయిపోతే కట్టకపోవచ్చు.