మూడేళ్లుగా రోజూ కాళ్లు గోడకేసి పడుకుంటున్నా: విపరీత కరణి గురించి నా అనుభవం

మాది కడపలో చిన్న టిఫిన్ సెంటర్. పొద్దున నాలుగున్నరకి పొయ్యి వెలిగిస్తే పదకొండు దాకా నేను పెనం కాడే, మళ్లీ సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది. ఎర్రకారం దోశ అంటే మా ఊర్లో ఎట్ల ఎగబడతారో మీకు తెలిసిందే కదా, పెనం ఖాళీగా ఉండదు. పన్నెండేళ్లుగా ఇదే పని, అంటే రోజుకి పది గంటలు ఒకే చోట నిలబడి ఉండటం. నడిచే పని అయినా ఇంత ఇబ్బంది ఉండేది కాదేమో.

2022లో మోకాళ్ల కింద నరాలు నీలంగా ఉబ్బి మెలికలు తిరిగి కనపడటం మొదలైంది. సాయంత్రానికి చీలమండలు వాచి పట్టీలు చర్మంలోకి దిగేవి, వేలితో నొక్కితే గుంట పడి చానాసేపటికి గానీ పూడేది కాదు. పట్టీలు తీసి బీరువాలో పెట్టేసినా. డాక్టరు కాళ్లలో రక్తం ఎట్ల పారుతాందో చూసే డాప్లర్ స్కాన్ చేయించి, వెరికోస్ వెయిన్స్ అమ్మా, అంటే కాళ్ల సిరలు ఉబ్బిపోవడం, ఇంకా మొదట్లోనే ఉంది, బిగుతు సాక్స్ వేసుకో, వీలైనప్పుడల్లా కాళ్లు ఎత్తులో పెట్టుకో అన్నాడు. సాక్స్ వేసుకున్నా, మే నెలలో 42 డిగ్రీల ఎండలో పెనం ముందర అవి వేసుకుని నిలబడటం ఎంత కష్టమో పడినవాళ్లకే తెలుస్తుంది. కాళ్లు ఎత్తులో పెట్టమంటే దిండు మీద పెట్టుకుని పడుకునేదాన్ని, పెద్దగా తేడా తెలియలేదు.

రోజూ మా కాడికొచ్చి రెండిడ్లీ తినిపోయే రిటైరైన డ్రిల్ సారు ఒకాయన ఒకరోజు నా నడక చూసి, "ఏమ్మా, కాళ్లు ఈడుస్తాండావు, దిండు చాలదు, గోడకేసి పెట్టు, దాన్ని విపరీత కరణి అంటారు" అన్నాడు. ఎట్ల సారూ అంటే బెంచీ మీద రెండు వేళ్లు పెట్టి, గోడకి నిలబెట్టి చూపించినాడు.

చేసేది చానా సులువు. గోడ పక్కనే ఒక పక్కకి కూర్చుని, తుంటి గోడకి ఆనించి, అట్లే తిరుగుతూ వెనక్కి వాలి కాళ్లు గోడ మీదికి పంపాలి. తొడల వెనక నరాలు పట్టేసినట్టుంటే గోడకి జానెడు దూరం జరగాలి, మోకాళ్లు కొంచెం వంగినా పర్వాలేదు, నేను మొదటి నెలంతా వంచే పెట్టినా. నడుము కింద మడిచిన బొంత చాలు, నేను తొందరపడి ఒక దిండు ఆన్లైన్లో కొన్నా గానీ దాని అవసరమే లేదు. మా ఇంట్లో ఎర్రగుంట్ల దిక్కు నుంచి తెచ్చి పరిచిన నల్ల బండలు, ఎండాకాలంలో ఆ చల్లదనం వీపుకి తగులుతుంటే అదొక సుఖం, చలికాలంలో మాత్రం కింద దుప్పటి తప్పదు.

ఎందుకు పనిచేస్తుందో డాక్టరే తర్వాత వివరంగా చెప్పినాడు, అది తెలిసినాకే నాకు నమ్మకం కుదిరింది. కాళ్లలో రక్తం పైకి పోవాలంటే పిక్క కండరం పిండాలంట, నడిచేటప్పుడు అది పంపులాగా పిండుతుంది, సిరల్లో ఉండే చిన్న వాల్వులు రక్తం మళ్లీ కిందికి జారకుండా ఆపుతాయి. ఊరికే నిలబడితే పిక్క పిండదు, ఏళ్ల తరబడి అట్లే ఉంటే వాల్వులు సరిగా మూసుకోక రక్తం కిందే నిలిచిపోయి సిర ఉబ్బుతుంది, నీరు ఊరి వాపొస్తుంది. కాళ్లు గుండె కంటే బాగా పైకి పెడితే పంపు అక్కర్లేకుండానే రక్తం దిగొస్తుంది, ఒక్క దిండు ఎత్తు అందుకే చాలలేదు. ఇంగ గుండెకి రక్తం ఎక్కువ చేరితే మెడ రక్తనాళాల్లో ఒత్తిడిని పసిగట్టేవి ఉంటాయంట, అవి గుండెని నెమ్మదించమంటాయి, మనసు కుదుటపడటంలో దానికీ పాత్ర ఉంది.

ఫలితం సంగతి. మంటలు, తిమ్మిర్లు వారంలోనే తగ్గినాయి. రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం రెండు నెలలకి బాగా తగ్గింది. వాపు సాయంత్రానికి వస్తుంది గానీ మునుపటంత లేదు. ఉబ్బిన నరాలు మాత్రం యాడికీ పోలేదు, అట్లే ఉన్నాయి, ఈ ఆసనంతో అవి మాయమవుతాయని ఎవరన్నా చెప్తే నమ్మొద్దు. పదిహేనో శతాబ్దపు యోగ గ్రంథం హఠయోగ ప్రదీపికలో దీన్ని రోజుకొక జాము, అంటే మూడు గంటలు చేసేవాడు కాలాన్నే గెలుస్తాడని, ఆరు నెలలకి ముడతలు, నెరిసిన జుట్టు కనపడవని ఉంది గానీ అక్కడ చెప్పింది ఒళ్లంతా పైకెత్తి బొడ్డు పైకి, అంగిలి కిందికి ఉండేలా చేసే ముద్ర. మనం చేసేది గోడ ఆసరాతో పదిహేను నిమిషాలు. ఇట్లా గోడ, దుప్పటి, కుర్చీ ఆసరాగా ఆసనాలు వేయడాన్ని యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్ బాగా ప్రచారంలోకి తెచ్చినాడు, మాలాంటి బిగుసుకుపోయిన ఒళ్లకి అది పెద్ద మేలు.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. తిన్న వెంటనే చేయొద్దు, నేను ఒకసారి అన్నం తిని పడుకుంటే గొంతులోకి మంట ఎగదన్నింది. ఇరవై నిమిషాలు దాటితే పాదాలు తిమ్మిరెక్కుతాయి, దించేయాలి. లేచేటప్పుడు పక్కకి తిరిగి రెండు నిమిషాలు ఆగి లేవాలి, గబుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి. గ్లాకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు), అదుపులో లేని బీపీ, గుండె జబ్బు ఉన్నోళ్లు, నెలలు నిండుతున్న గర్భిణులు డాక్టర్ని అడగకుండా చేయొద్దు. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి వేడిగా నొప్పిగా ఉంటే గోడ కాడికి కాదు, ఆస్పత్రికి పోండి, రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు.

ఇంగ మనసు సంగతి, నేను ఇదంతా రాయడానికి అసలు కారణం అదే. మొదట్లో ఫోన్ పట్టుకుని పడుకునేదాన్ని, అట్లయితే కాళ్లు ఒక్కటే పైన ఉంటాయి, తల మాత్రం బజార్లోనే ఉంటుంది. ఫోన్ వేరే గదిలో పెట్టినాక పది రోజులు నరకం, గ్యాస్ సిలిండరు, శనగపప్పు ధర, అబ్బోడి ఫీజు, అన్నీ ఒకదాని మీద ఒకటి. ఊపిరి తీసుకునేదాని కంటే వదిలేది నిదానంగా వదలమని సారు చెప్పింది పట్టుకున్నా. అట్ల ఒకరోజు పడుకుని ఉంటే ముందురోజు సాయంత్రం అబ్బోడి మీద అరిచింది గుర్తొచ్చింది, వాడు చేసిన తప్పేందో ఎంత వెతికినా దొరకలేదు. గుర్తున్నదల్లా నా పాదాల మంట. అప్పటినుంచి గమనించినా, నేను వాణ్ణి తిట్టేది ఎప్పుడూ ఆ వేళకే. ఇన్నేళ్లు నాది కోపిష్టి స్వభావం అనుకున్నా, వాడు కూడా అమ్మంటే అంతే అనుకున్నాడు, చానావరకు అది కాళ్ల నొప్పి. ఆ రాత్రి వాడికి చెప్పినా, వాడేమీ అనలేదు గానీ తెల్లారి నేను పడుకునే వేళకి బొంత మడిచి గోడ కాడ పెట్టినాడు.

ఇప్పుడు మా అత్త కూడా నా పక్కనే పడుకుంటుంది. ఆమెకి డెబ్బై దాటినాయి, గోడకి జరగడం కష్టం, అందుకని పిక్కలు కుర్చీ మీద పెట్టిస్తా. మొదటిరోజు కళ్లు మూసుకుని కాసేపుండి, "ఇదేందో కొత్తది అనుకుంటివి గదా, శెనక్కాయ చేన్లో కలుపు తీసినాక మద్దేన్నం యాపచెట్టు మొద్దుకి కాళ్లానించి పండుకునేవాళ్లం, మా యమ్మ నేర్పింది, దానికి పేరేం లేదు" అనింది. పేరు చెప్పినా, రెండుసార్లు పలికి చూసుకుంది. పోయిన ఉగాదికి బీరువాలోంచి పట్టీలు తీసిచ్చింది కూడా ఆమే.